సాహెబ్‌గారి ఐ-సెవెన్

సన్మానం

పదవీ విరమణ రోజున ఆఫీసువాళ్ళు నాకొక శాలువా, గోడగడియారం, లాప్‌టాప్ ఇచ్చారు. పోర్ట్ బ్లెయిర్ ఉక్కపోతలో శాలువా ఎవరు కప్పుకుంటారో నాకు ఈ రోజుకీ తెలీదు. గడియారం రెండో నెలకే ఉప్పుగాలికి ఆగిపోయింది. ఇక లాప్‌టాప్. సభలో అందరూ చప్పట్లు కొడుతుంటే మూత తీసి, కీబోర్డు పక్కన అంటించిన ప్రాసెసర్ స్టిక్కర్ చూశాను. ఐ-త్రీ.

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు ఆ శాఖలో ప్రతి కంప్యూటర్ పొట్టా విప్పి, దులిపి, మళ్ళీ మూసి నిలబెట్టినవాణ్ణి. హాడో జెట్టీలో షిప్పు దిగిన ప్రతి డబ్బానీ నా చేతులతో దించుకున్నవాణ్ణి. సాహెబ్‌లకి ఐ-సెవెన్‌లు, గుమాస్తాలకి ఐ-ఫైవ్‌లు, వీటన్నిటికీ వైద్యం చేసిన నాకు ఐ-త్రీ! వేదిక మీద మాత్రం నవ్వుతూనే ఫొటో దిగాను. మిన్నీ బేలో మా ఇంటికి రాగానే దాన్ని మా ఆవిడ పాత చీరలో చుట్టి బీరువా పైఅరలో పడేశాను. "పిసినారి వెధవలు" అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకు తీసుకుంటున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఏ ప్రాసెసర్ మంచిది? దానికి సమాధానం నాకు తెలుసు. పదేళ్ళపాటు అందరికీ చెప్పాను కూడా. తెలిసి కూడా, రిటైరైన ఏడాదికే, మా ఆవిడ మేనకోడలు ఈశ్వరికి తప్పుడు సలహా ఇచ్చి దాని నోటి దగ్గర కూడు లాగేసినంత పని చేశాను. తెలియక చేసిన తప్పయితే రాయకపోదును. నా ప్రమోషన్ల గురించి అడక్కండి. అవి రెండే, రెండూ ఆలస్యంగా వచ్చాయి.

పెద్ద సాహెబ్ కోరిక

ముందు ఆ ఐ-సెవెన్ ఎలా వచ్చిందో చెప్పాలి.

అప్పట్లో మా శాఖకి ఒక పెద్ద సాహెబ్ ఉండేవాడు. మనిషి మంచివాడే, కానీ పక్క శాఖవాళ్ళ గదిలో ఏముందో చూసి వస్తే ఆ రోజు మాకు మూడినట్టే. వాళ్ళకి ఏసీ పెడితే మాకూ ఏసీ, వాళ్ళకి తోలు కుర్చీ అయితే మాకూ తోలు కుర్చీ. ఒక రోజు నన్ను పిలిచి, పక్క సాహెబ్ దగ్గర ఏ కంప్యూటర్ ఉందని హిందీలో అడిగాడు.

"భయ్యా, బగల్‌వాలే సాహెబ్ కే పాస్ క్యా హై?"

"ఐ-ఫైవ్, సర్."

"తో మేరే లియే ఐ-సెవెన్ మంగావ్."

ఏం పనికి సర్ అని అడగబోయి మానేశాను. ఆయన కంప్యూటర్‌లో చేసే పని నాకు తెలుసు. పొద్దున పేకముక్కల ఆట, మధ్యాహ్నం వాళ్ళమ్మాయి పెళ్ళి ఫొటోలు, సాయంత్రం మళ్ళీ పేకముక్కలు. ఆయన కోరినట్టే ఐ-సెవెన్ తెప్పించమని ఇండెంట్ రాశాను. చెన్నై నుంచి షిప్పులో వచ్చింది. వానలో డబ్బా తడుస్తుందని జీపులో ఒళ్ళో పెట్టుకుని హాడో నుంచి ఆఫీసుకి తెచ్చాను. అప్పటికి దీవుల్లో అలాంటి మెషిన్ నేను చూడలేదు. నాలుగు కోర్లు, అంటే లోపల నాలుగు బుర్రలు, ఒక్కో కోర్ రెండేసి పనుల్ని ఒకేసారి పట్టుకునేది. స్విచ్ వేస్తే ఫ్యాన్ గుర్రుమనేది. నాకు దాని మీద ప్రేమ పుట్టింది, దాచుకోవడమెందుకు.

ఆ ప్రేమలోనే ఒక వెధవ పని చేశాను. కొన్నేళ్ళయ్యాక దానికి ఇంకాస్త మెమరీ వేద్దామని చెన్నైకి ఆర్డరు పెట్టాను. ఏ రకం కావాలో రాయలేదు. రెండు వారాలు షిప్పు కోసం ఎదురుచూసి డబ్బా విప్పితే లోపలున్నది కొత్త రకం. గాడి ఒక గోరంత పక్కకి ఉంది, ఎంత నొక్కినా దిగదు. ఆఫీసంతా నవ్వింది. పెద్ద సాహెబ్ కూడా పేక ఆపి మరీ నవ్వాడు. ప్రాసెసర్ తరం మారితే అదొక్కటే మారదని, అది కూర్చునే బోర్డూ, దాని పక్కన పెట్టే మెమరీ కూడా మారిపోతాయని ఆ రోజు నాకు బాగా ఎక్కింది. మెయిన్‌లాండ్‌లో అయితే సాయంత్రంలోగా మార్చుకోవచ్చు. ఇక్కడ ఇంకో షిప్పు రావాలి.

సాహెబ్ బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఐ-సెవెన్ గదులు మారుతూ చివరికి స్టోర్‌లో చేరింది. నేను రిటైరయ్యే ముందు దాన్ని పనికిరాదని కండెమ్ చేసి వేలం వేశారు. పాడుకున్నది నేనే.

గీత తర్వాత అంకె

కథ ఆపి కాస్త పాఠం చెబుతాను. ఇది తెలిస్తేనే నా తప్పు ఎంత పెద్దదో మీకు అర్థమవుతుంది.

త్రీ, ఫైవ్, సెవెన్ అనేవి ఒకే కాన్పులో పుట్టినవాళ్ళ వరస. ఒకే తరంలో చూస్తే సెవెన్ బలమైనవాడు, త్రీ బక్కవాడు, నిజమే. కానీ తాతల తరంలో పహిల్వాన్‌ని తెచ్చి మనవళ్ళ తరంలో బక్కవాడి ముందు నిలబెట్టండి. తాతకి ఆయాసం వస్తుంది. స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది వరస మాత్రమే. తరం చూడాలంటే పూర్తి నంబరు చదవాలి.

సాహెబ్ మెషిన్ నంబరు ఐ-సెవెన్, తర్వాత ఒక గీత, ఆ తర్వాత మూడు ఏడు ఏడు సున్నా. గీత తర్వాత మొదటి అంకె మూడు. కాబట్టి మూడో తరం. ఆ అంకె ఒకటి అయితే పక్కనున్నదాన్ని కూడా కలుపుకోవాలి. ఒకటీ రెండూ ఉంటే పన్నెండో తరం. చివర్లో అక్షరం ఉంటే అది స్వభావం చెబుతుంది. యు అని ఉంటే కరెంటు పొదుపుగా వాడే లాప్‌టాప్ రకం, హెచ్ అని ఉంటే గట్టి పనికి చేసిన లాప్‌టాప్ రకం. ఈమధ్య ఆ ఐ అక్షరాన్ని కూడా తీసేసి కొత్త పేర్లు పెడుతున్నారు. పేరు ఏదైనా పెట్టుకోనివ్వండి, అది ఏ తరందో మీరు కనుక్కోండి.

గిగాహెర్ట్‌జ్ అని ఇంకొకటి చెప్పి దుకాణాలవాళ్ళు బెదిరిస్తారు. అది నిమిషానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క లాంటిది. రెండు ఇంజన్లు ఒకే వేగంతో తిరగొచ్చు, కానీ ఒక్కో చుట్టుకి ఏది ఎక్కువ నీళ్ళు తోస్తుందో అదే ముందుకెళుతుంది. కొత్త తరాలు ఒక్కో చుట్టులో ఎక్కువ పని చేస్తాయి, పైగా తక్కువ వేడెక్కుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. కొన్ని తరాలకి ప్రాసెసర్‌లోనే కొత్త ఆజ్ఞలు చేరుస్తారు. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ ఆజ్ఞల్ని నమ్ముకుని రాస్తారు. పాత ప్రాసెసర్‌కి అవి పుట్టుకతోనే రావు. మెమరీ పెంచొచ్చు, డిస్క్ మార్చొచ్చు, ఫ్యాన్ కడగొచ్చు. రాని ఆజ్ఞని మాత్రం ఎవడూ నేర్పలేడు. ఇక కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ అయితే ఎనిమిదో తరం కిందివాటిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

ఇదంతా నా దగ్గర పని నేర్చుకున్న సెల్వికి నేనే చెప్పాను. మా స్టోర్‌లో చేరి, నేను దిగిపోయాక నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి సెల్వి. కాగితం మీద రాసి దాని టేబులు అద్దం కింద పెట్టించాను కూడా. "పహలే జనరేషన్, బాద్‌మే నంబర్" అని. ముందు తరం చూడు, త్రీయా సెవెనా అన్నది తర్వాత అని.

అప్పన్న బావ అడిగిన మూడు మాటలు

మా ఆవిడ అన్నగారు అప్పన్న. హోప్ టౌన్‌లో ఉంటాడు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ వల వేశాడు, ఈయనా అదే పని. చిన్న మోటారు పడవ ఉంది, మా దీవుల్లో దాన్ని డోంగీ అంటాం. చదువు లేదు, కానీ ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పగలడు. ఆ ధీమాతో నన్ను కూడా చాలాసార్లు వెక్కిరించాడు, నేను కంప్యూటర్ డాక్టర్‌ని కదా అని.

ఆయన కూతురు ఈశ్వరి. డ్రాఫ్టింగ్‌లో డిప్లొమా చేసింది. పెళ్ళయింది, అల్లుడు దీవుల మధ్య తిరిగే షిప్పులో పనిచేస్తాడు, మూడేళ్ళ పాప ఉంది. చదివిన చదువుకి తగ్గ పని హోప్ టౌన్‌లో ఎక్కడుంటుంది? ఆరేళ్ళుగా ఐస్ ఫ్యాక్టరీలో బిల్లులు రాస్తోంది. అలాంటిది చెన్నైలో బిల్డింగుల డ్రాయింగులు వేసే ఒక ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే చేసే పని ఇస్తామన్నారు. షరతు ఒకటి. బుధవారం నుంచి శుక్రవారం దాకా ట్రయల్. ఒక రెండంతస్తుల ఇంటికి త్రీడీ మోడల్ చేసి శుక్రవారం సాయంత్రం ఐదింటికి పంపాలి. పంపితే ఉద్యోగం, లేకపోతే వేరేవాళ్ళకి ఇస్తారు.

కంప్యూటర్ కొనాలి. అబర్డీన్ బజార్‌లో ఒక దుకాణంలో లాప్‌టాప్ చూశామని, తండ్రీకూతుళ్ళు నా దగ్గరికి వచ్చారు. ఈశ్వరి ఫోన్‌లో ఫొటో చూపించింది. ఐ-త్రీ, పన్నెండో తరం. నాకు వెంటనే సన్మానం గుర్తొచ్చి మొహం ముడుచుకుంది.

"ఐ-త్రీయా? డబ్బు తగలేయకండి. నా దగ్గర ఐ-సెవెన్ ఉంది. ఊరికే ఇస్తాను, పట్టుకుపో."

ఈశ్వరి సంతోషపడింది. "మావయ్యా, సచ్చీ? ఐ-సెవెనా?"

అప్పన్న బావ మాత్రం గడ్డం గోక్కున్నాడు.

"ఇప్పుడుదా ఎప్పుడుదా బావా అది?"

"పాతదే. కానీ మెషిన్ ఉక్కు."

"మరి పార్టులు దొరకతాయేటి?"

"నేనున్నాను కదా."

"ఓపాలి బరువేసి సూసినావా?"

ఆయన ఇంజన్ కొన్నప్పుడల్లా ఈ మూడే అడుగుతాడు. గట్టు మీద తిప్పి చూపిస్తే ఒప్పుకోడు. డోంగీకి బిగించి, మనుషుల్ని ఎక్కించి, పోటు నీటికి ఎదురు తోలి చూశాకే అవునో కాదో చెబుతాడు. అమ్మేవాడు విసుక్కున్నా సరే. వాళ్ళ జాలరి కాలనీలో అందరిదీ అదే పద్ధతి.

నేను నవ్వాను. మామూలు నవ్వు కాదు, ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నవాడి నవ్వు. "బావా, ఇది డోంగీ ఇంజన్ కాదు. స్విచ్ వేస్తే తెలిసిపోతుంది" అన్నాను. వేసి చూపించాను. ఫ్యాన్ గుర్రుమంది. బావ మొదట అడిగింది నేను సెల్వికి రాసిచ్చిన కాగితంలోని మాటే. హిందీలో కాకుండా తెలుగులో అడిగాడు, అంతే తేడా. చదువుకున్నవాడి పొగరు ఎంత పనికిమాలినదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

మూడు రోజుల నిందలు

ట్రయల్‌కి ముందురోజు, మంగళవారం, ఐ-సెవెన్‌ని ఫెర్రీలో హోప్ టౌన్ చేర్చాను. చెన్నైవాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కావాలట. వేయబోతే, నీ ప్రాసెసర్‌కి ఇది కుదరదు అని తెర మీద చెప్పింది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా? రాలేదు. ఆ అడ్డుని తప్పించే దొంగదారి ఒకటుంది. అది నాకు తెలుసు. ఆ దారిన లోపలికి దూర్చేశాను. పని చేసింది. చేతులు దులుపుకుని, "చూశావా" అన్నట్టు బావ వైపు చూశాను.

బుధవారం పొద్దున ఈశ్వరి పాపని వాళ్ళమ్మ దగ్గర వదిలి పనికి కూర్చుంది. గోడలు గీసింది, కిటికీలు పెట్టింది. మధ్యాహ్నం పైకప్పు వేసి త్రీడీలో చూపించే బటన్ నొక్కింది. సాఫ్ట్‌వేర్ టక్కుమని మూసుకుపోయింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ పోయింది. ఫోన్ వచ్చింది.

"మావయ్యా, బంద్ అయిపోతంది. ఏటి సెయ్యాలి?"

"వేడెక్కి ఉంటుంది" అన్నాను. ఫెర్రీ ఎక్కి వెళ్ళి, విప్పి, ఫ్యాన్ కడిగి, ప్రాసెసర్‌ని చల్లబరిచే పేస్టు కొత్తగా పూశాను. మళ్ళీ అదే. ఉప్పు అనుకున్నాను, కనెక్షన్లన్నీ బ్రష్‌తో రుద్దాను. మళ్ళీ అదే. గురువారం కరెంటు మీద పడ్డాను, స్టెబిలైజర్ తెచ్చాను. తర్వాత ఇంటర్‌నెట్ మీద పడ్డాను, సముద్రం కింద వేసిన కేబుల్‌ని కూడా తిట్టాను. గురువారం సాయంత్రం ఆఖరి ఫెర్రీకి ముందు, ఈశ్వరినే తప్పుపట్టాను. "అసలు నువ్వు సరిగ్గా గీస్తున్నావా?" అన్నాను.

ఆ పిల్ల మౌస్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నెమ్మదిగా అంది.

"ఇది పోతే మళ్ళీ ఐస్ కంపెనీలో బిల్లులే మావయ్యా. ఈపాలి పోతే నాను మళ్ళీ డ్రాయింగ్ ముట్టుకోను."

నాకు ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా నా తప్పని ఒప్పుకోలేదు. అన్నిటినీ అనుమానించాను, నేను ప్రేమించిన మెషిన్‌ని తప్ప.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి చెన్నై ఆఫీసు మేనేజర్ మేడమ్ వీడియోలో వచ్చింది. ట్రయల్ ఎంతవరకూ వచ్చిందని అడిగింది. ఈశ్వరి జరిగింది చెప్పింది. పక్కనున్న నేను తెరలోకి తల దూర్చాను.

"మేడమ్, మెషిన్‌లో తప్పు లేదు. ఐ-సెవెన్!"

ఆవిడ మర్యాదగానే అడిగింది. "విచ్ జనరేషన్, సర్?"

పక్కనే అప్పన్న బావ వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. తల ఎత్తలేదు. ఆయనకి ఇంగ్లీషు రాదు, కానీ ఆ ప్రశ్న ఆయనదే.

"థర్డ్" అన్నాను.

"సర్, మా సాఫ్ట్‌వేర్ అడిగే ఆజ్ఞలు థర్డ్ జనరేషన్‌లో లేవు. అది ఎప్పటికీ రన్ కాదు" అని ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. ఐదింటి గడువు మారదని కూడా చెప్పింది. వీడియో ఆగిపోయింది.

బీరువా పైఅర

అబర్డీన్ బజార్ దుకాణానికి ఫోన్ చేశాను. ఆ లాప్‌టాప్ మొన్ననే అమ్ముడుపోయిందన్నాడు. ఇంకోటి? "అగ్‌లే షిప్ మే ఆయేగా." తర్వాతి షిప్పు వచ్చే వారం. సెల్వికి ఫోన్ చేశాను, ఆఫీసులో ఏదైనా ఉందా అని. ప్రభుత్వ మెషిన్ బయటికి ఇవ్వడం కుదరదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. జరిగిందంతా చెప్పాను. సెల్వి నవ్వాపుకుంటూ అంది.

"సర్, ఆప్‌నే హీ తో సిఖాయా థా. పహలే జనరేషన్."

"నేర్పింది నేనేనని తెలుసమ్మా, తెలుసు."

"ఔర్ సర్, వో లాప్‌టాప్? మైనే చున్‌కే లియా థా ఆప్ కే లియే."

నేను ఎంచి మరీ కొన్నాను మీకోసం అంటోంది. ఏ లాప్‌టాప్ అని అడగబోయి ఆగిపోయాను. పక్క గదిలోంచి అదే సమయానికి మా ఆవిడ, అన్నగారింట్లో గొడవ చూద్దామని నాతో వచ్చినది, గట్టిగా అరిచింది.

"బీరువాలో నా సీర సుట్టి ఎట్టినావు, అదేటి మరి? దానికి పూజ సేస్తన్నావా?"

నిజం చెప్పాలి. ఆ క్షణంలో కూడా నాకు ముందు గుర్తొచ్చింది ఐ-త్రీ అన్న స్టిక్కరే. దాని పూర్తి నంబరు నేను ఒక్కసారి కూడా చదవలేదు. ముప్పై ఏళ్ళు ఇతరుల మెషిన్ల నంబర్లు చదివినవాణ్ణి, నాకిచ్చినదాని నంబరు చదవలేదు.

పదిన్నర ఫెర్రీ పట్టుకున్నాను. మిన్నీ బే చేరేసరికి పదకొండు దాటింది. బీరువా పైఅర నుంచి చీర ముడి విప్పి లాప్‌టాప్ తిరగేశాను. ఐ-త్రీ, గీత, ఒకటి రెండు ఒకటి ఐదు, చివర యు. పన్నెండో తరం. రెండు గట్టి కోర్లు, నాలుగు పొదుపు కోర్లు. సాహెబ్ మెషిన్ పేక ఆడుకుంటూ ముసలిదైపోతున్న రోజుల్లో ఇంకా పుట్టని తరం అది. నాకు సిగ్గేసింది. సెల్వి నాకు ఇచ్చింది నేను నేర్పిన పాఠమే. నేనేమో చీరలో చుట్టి పడేశాను.

తిరిగి హోప్ టౌన్ చేరేసరికి ఒంటిగంట. సాఫ్ట్‌వేర్ వేయడానికి ముప్పావు గంట. ఈశ్వరి గోడలూ కిటికీలూ ఉన్న ఫైలు తెచ్చి తెరిచింది. నేను కుర్చీ వదిలి నిలబడ్డాను. త్రీడీ బటన్ దగ్గర దాని వేలు ఆగింది. "నొక్కు" అనలేకపోయాను, అంత భయం. ఈశ్వరే నొక్కింది. ఇల్లు తెర మీద లేచింది. పైకప్పుతో సహా. చుట్టూ తిప్పి చూసింది. ఆగకుండా తిరిగింది.

ఈశ్వరి నన్ను చూడలేదు, నవ్వలేదు, మెట్లు వేయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మూడు గంటలూ దాని గదిలోకి నన్నెవరూ రానివ్వలేదు. పాపని ఆడించమన్నారు. ఆడించాను. సర్వీసులో ఎప్పుడూ నాకు అప్పగించనంత ఉపయోగమైన పని అది. నాలుగు నలభైకి ఫైలు వెళ్ళింది.

ఇది ఏ మెషిన్ మీద రాస్తున్నానంటే

సోమవారం చెన్నై నుంచి మెయిల్ వచ్చింది. ఈశ్వరికి ఉద్యోగం ఇచ్చారు. నేను చేసిన మేలు ఏమీ లేదు, చేసిన చెడు ఒకటి ఆఖరి నిమిషంలో ఆగింది, అంతే. ఈ మాట ఈశ్వరి దగ్గర ఒప్పుకున్నాను. "గురువారం అన్న మాటకి క్షమించమ్మా" అన్నాను. "పోనీ మావయ్యా, ఛోడో" అంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నా కళ్ళలోనూ. లాప్‌టాప్ దాని దగ్గరే ఉంది. దాని మూత మీద మా ఆఫీసువాళ్ళు అంటించిన "సేవలకు కృతజ్ఞతలతో" అన్న కాగితం ఇంకా ఉందట. తీసేయమంటే తీయలేదు.

ఐ-సెవెన్ నా దగ్గరికి తిరిగొచ్చింది. ఇదంతా దాని మీదే రాస్తున్నాను. రాయడానికి అది చక్కగా సరిపోతుంది, పేకముక్కలు కూడా బాగానే ఆడుతుంది. పాత మెషిన్ చెడ్డదని నేననడం లేదు. దానికి తగ్గ పనికి పెట్టండి, పాపం.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇది. మీ దగ్గరికి వచ్చినవాడికి ఐ-త్రీ, ఐ-సెవెన్ అంటే తెలియకపోవచ్చు. అయినా వాడేం అడుగుతున్నాడో పూర్తిగా వినండి. వాడు కంప్యూటర్‌లో ఏ పని చేస్తాడో అడిగి, ఆ పనే దాని మీద పెట్టి చూశాకే ఇవ్వండి. సాహెబ్ అయితే మాత్రం ఏం అడిగితే అది ఇచ్చేయండి, వాదించి లాభం లేదు. ముఖ్యంగా, ఒక మెషిన్ మీద మీకు ప్రేమ ఉంటే దాని గురించి సలహా ఇవ్వకండి.

మొన్న ఆదివారం పొద్దున అప్పన్న బావ ఇంటికి వచ్చాడు. ఈశ్వరి మొదటి జీతం అందిందని, నాకు చేప తెచ్చానన్నాడు. ముందురోజు ఆయన డోంగీలో మనిషి చేయంత సుర్మయి, అంటే వంజరం చేప, పడిందని కాలనీలో అందరూ చెప్పుకుంటున్నారు, మా ఆవిడ పెద్ద గిన్నె కడిగి సిద్ధంగా పెట్టింది. బావ సంచీ విప్పాడు. లోపల జానెడు కోకారి చేప ఒకటి.

నా మొహం చూసి ఆయనకి అర్థమైంది. చేపని ఎడమ చేత్తో ఎత్తి, బొటనవేలితో మొప్ప తెరిచి నా కళ్ళ ముందు పెట్టాడు. ఎర్రగా, తడిగా ఉంది, ఆ పొద్దున పట్టిందే.

"పెద్దదే తెచ్చీవోడిని బావా," అన్నాడు, "గానీ అది నిన్నటిది."